అమ్మమ్మ కుడికాలు

ప్రొఫెసరమ్మ వీడియో ఆపి, తెర మీద కనిపిస్తున్న అమ్మమ్మ మోకాలి చుట్టూ ఎర్రగా ఒక సున్నా చుట్టింది.

"ఇక్కడ చూడండి. బండి గోడకి దగ్గరపడుతోంది. నేర్చుకునే ఆవిడ ఇంకా అద్దంలోకే చూస్తోంది. మీ మోకాలు కిందికి దిగింది. బండి ఆగింది."

అమ్మమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. కళ్లజోడు తుడిచినంత మాత్రాన మోకాలు ఇంకొకరిది అయిపోదు. సున్నాలో ఉన్నది తన మోకాలే. అయినా నేను తొక్కలేదు మేడం అంది. అది అబద్ధమూ కాదు, తొక్కినట్టు ఆవిడకి నిజంగానే గుర్తు లేదు. ప్రొఫెసరమ్మ వాదించలేదు. వీడియోని కాస్త ముందుకు జరిపి ఇంకో సున్నా చుట్టింది. తర్వాత ఇంకోటి. వీడియో పొడుగునా అమ్మమ్మ మోకాలు కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు దిగుతూ లేస్తూనే ఉంది.

అమ్మమ్మ సంగతి తెలియనివాళ్లకి ఈ మోకాలి గొడవ అంతుపట్టదు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, ఆ సీటు ముందు అదనంగా బిగించి ఉండే రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించి, ఉద్యోగమంతా అలాగే వెళ్లదీసింది. ఊళ్లో బండి నడిపేవాళ్లలో సగం మంది ఆవిడ పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. ఎదురుగా లారీ వచ్చినా, కుక్క అడ్డం పడినా, ఎర్ర లైటు చూడకుండా ఎవరో పరధ్యానంగా ముందుకు పోనిచ్చినా, ముందు కదిలేది ఆవిడ కాలు. ఆ తర్వాతే నోరు. నోరు మాత్రం ఆలస్యంగా మొదలైనా తొందరగా ఆగేది కాదు.

ఫలానా వయసు దాటాక పక్క సీట్లో కూర్చోకూడదని రూలు. దాంతో అమ్మమ్మ బండి దిగింది, కానీ బండి ఆవిడలోంచి దిగలేదు. ఇంట్లో కూర్చుని కుక్కరు కూతలు వింటూ, తాతయ్యని సాధిస్తూ ఉండగా స్కూలు ఓనరు ఒక మాట చెప్పి పంపాడు. ఆ ఓనరూ ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. క్లచ్చు మీంచి కాలు తీయలేక ఆవిడ చేత తిన్న చీవాట్ల పుణ్యమా అని ఇప్పటికీ అందరూ అతన్ని క్లచ్చుబాబు అనే పిలుస్తారు. ఇకనుంచి స్కూల్లో చేరేవాళ్లు బండెక్కేలోపు ఫోన్లోనే సగం నేర్చుకుని రావాలట. ఆ పాఠాలు తయారు చేసే మనిషి కావాలట. అయితే దానికి తగ్గ చదువు చదివిన మనిషినే తీసుకోవాలని లైసెన్సు ఆఫీసు వాళ్లు పట్టుబట్టారట.

ఆ చదువేమీ అల్లాటప్పా చదువు కాదు. మనుషులు ఎలా నేర్చుకుంటారో తెలుసుకుని, దాన్నిబట్టి కంప్యూటర్లో పాఠాలు కట్టడం నేర్పే పీజీ. క్లాసులన్నీ ఆన్‌లైన్లోనే. అమ్మమ్మ పెళ్లికి ముందెప్పుడో చదివి పక్కన పడేసిన డిగ్రీని దుమ్ము దులిపి, అందులో చేరిపోయింది. పుస్తకం చూస్తేనే ఆవలింతలొచ్చే మనవలున్న ఇంట్లో, కళ్ల ఆపరేషనయిన మనిషి పొద్దున్నే హెడ్‌సెట్టు తగిలించుకుని చదువుకోవడం కొందరికి మహా ఇబ్బందిగా ఉండేది. పోలికలు మొదలవుతాయి కదా మరి.

కెమెరాలో కనిపించేంత మేర ఇస్త్రీ బట్టలు, కనిపించని మేర ఇంటి బట్టలు. సందేహమొస్తే బటన్ నొక్కకుండా నిజంగానే చెయ్యెత్తేది, ప్రొఫెసరమ్మ పిలిచేదాకా దించేది కాదు. తన కూతురికంటే చిన్నదాన్ని మేడం అని పిలవడానికి మొదట్లో నాలుక తిరగలేదు. ఆ చిన్న పిల్ల మొదటి అసైన్‌మెంటుకి వేసిన మార్కులు చూశాక చక్కగా తిరిగింది.

ఆఖరి ప్రాజెక్టుకి అమ్మమ్మ ఎంచుకున్న పాఠం, బండిని రివర్సులో తీసుకెళ్లి రెండు డ్రమ్ముల మధ్య నిలపడం. తెర మీద బొమ్మ కారు ఉంటుంది, వేలితో స్టీరింగు తిప్పాలి. మొదటిసారి తయారు చేసినప్పుడు, బొమ్మ కారు డ్రమ్ముకి తగలబోయే ముందే ఒక ఎర్రచెయ్యి అడ్డొచ్చి ఆగు అనేది. అటు తిప్పితే ఆగు, ఇటు తిప్పితే ఆగు. మీ పాఠంలో తప్పు చేయడానికి చోటే లేదు, మనిషి ఎక్కడ నేర్చుకుంటాడండీ అని ప్రొఫెసరమ్మ అడిగింది. ఆసరా ఇవ్వడం సగం పనేనట, దాన్ని ఎప్పుడు తీసేయాలో తెలియడం మిగతా సగమట. అమ్మమ్మ మూతి ముడుచుకుని ఎర్రచేతులన్నీ ఒక్కొక్కటే పీకేసింది. బొమ్మ కారు గుద్దుకున్నాక, ఎందుకు గుద్దుకుందో పైనుంచి చూపించేలా మార్చింది. తాతయ్యకి ఆ మార్పు తెగ నచ్చింది. పొద్దస్తమానం సోఫాలో కూర్చుని కారుని కావాలనే గోడకేసి గుద్దుతూ ఉండేవాడు.

ఇక మిగిలింది ట్రయలు. ఆ పాఠం తప్ప ఇంకే సాయమూ లేని మనిషి, నిజం బండిలో కూర్చుని, నిజం డ్రమ్ముల మధ్య బండి పెట్టాలి. పాఠం తయారు చేసినవాళ్లు పక్కన ఉండొచ్చు గాని మాట సాయం, సైగ సాయం, బ్రేకు సాయం ఏదీ చేయకూడదు. మొత్తం వీడియో తీసి పంపాలి. అమ్మమ్మ ఒక బట్టల కొట్టావిడని కూర్చోబెట్టి ట్రయలు చేసింది. ఆవిడ చక్కగా పెట్టేసింది. అమ్మమ్మ పాఠం బ్రహ్మాండమని మురిసిపోయి వీడియో పంపింది. ఇప్పుడు తెర మీద ఎర్ర సున్నాలు చూస్తోంది.

"ఆవిడ నడపలేదు, మీరు నడిపారు," అంది ప్రొఫెసరమ్మ. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

మళ్లీ చేస్తానంది అమ్మమ్మ. చేయొచ్చు, కాని శుక్రవారం సాయంత్రంలోపు పంపాలి. కళ్ల ఆపరేషనప్పుడే ఒకసారి గడువు పెంచారు కాబట్టి ఇంకోసారి పెంచరు. ఇది పోతే పేపరు పోతుంది, పేపరుతో పాటు పీజీ పోతుంది. ఈసారి రెండో బ్రేకుకి ఒక బజరు తగిలించమంది, కాలు పడితే వీడియోలో వినపడేలా. మనిషికి దెబ్బ తగిలేలా ఉంటే తప్పకుండా తొక్కమంది, అయితే అలా ఆపిన ట్రయలు లెక్కలోకి రాదు. డ్రమ్ము పడుతుందనో, గోడకి గీత పడుతుందనో మాత్రం తొక్కకూడదు.

ఆ వారమంతా ఇంట్లో అమ్మమ్మ కాలికి శిక్షణ. బండిలో అయితే పోనీ అనుకుందాం, బండి లేని చోట కూడా ఆ కాలు ఊరుకోదు. బస్సెక్కితే నేలని తొక్కుతుంది. భోజనాల బల్ల దగ్గర తాతయ్య గ్లాసులోకి నీళ్లు నిండా పోస్తుంటే బల్ల కింద తొక్కుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడకైతే తెలియనే తెలియదు. ఇప్పుడు నొక్కితే కీచుమనే రబ్బరు బాతునొకదాన్ని కాలి కింద పెట్టుకుంది. తాతయ్య కూరగిన్నె ఒక్క చేత్తో ఎత్తాడు, కీచు. మనవరాలు పాలగ్లాసు బల్ల అంచున పెట్టింది, కీచు. అందరూ పడిపడి నవ్వారు. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. ప్రతి కీచుకీ ఆవిడ మొహం పాలిపోయింది. జీవితంలో ఎంతమందికి ఇలాగే తెలియకుండా బండి నడిపిపెట్టి, మీకొచ్చేసింది పొండి అని పంపించిందో అనే ఆలోచన ఒకటి పట్టుకుంది ఆవిడని.

శుక్రవారం పొద్దున క్లచ్చుబాబు ఫోను చేశాడు. ట్రయలుకి ఒప్పుకున్న మందుల షాపు అమ్మాయికి డ్యూటీ పడిందట, రాలేనందట. మిగతా వాళ్లందరికీ స్కూల్లో ఇప్పటికే రివర్సు నేర్పేశారు, పనికిరారు. ముందుకి నడపడం వచ్చి, రివర్సు రాని మనిషి కావాలి. అలాంటి మనిషి సాయంత్రంలోపు ఎక్కడ దొరుకుతుంది? అమ్మమ్మ ఫోను పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగింది. నేను కూర్చుంటానోయ్ అన్నాడు తాతయ్య. ఎప్పట్నుంచో బండి నడుపుతున్న మీరెలా పనికొస్తారండీ అని ఆవిడ కసిరింది. అప్పుడు తాతయ్య వంటగది వైపు చూశాడు. వంటగదిలో అమ్మ టిఫిను డబ్బా మూత పెడుతోంది.

అమ్మ అంటే అమ్మమ్మ కూతురు. ఊరందరికీ బండి నేర్పిన మనిషి కన్న కూతురు, ముందుకి మాత్రమే వెళ్లే డ్రైవరు. ఎక్కడికెళ్లినా మళ్లీ ముందుకే బయటికి రాగలిగే చోటే బండి ఆపుతుంది. అలాంటి చోటు లేకపోతే రెండు వీధుల అవతల ఆపి నడుచుకుంటూ వస్తుంది. పార్కింగు బాగున్న డాక్టరే ఆవిడ దృష్టిలో మంచి డాక్టరు. ఇదంతా ఎందుకంటే, పెళ్లికి ముందు అమ్మమ్మే ఆవిడకి నేర్పడం మొదలుపెట్టింది. పట్టుమని వారం కూడా సాగలేదు. ఆవిడ కాలు కదిపేలోపే అమ్మమ్మ కాలు కదిలేది. ఒకరోజు నడిరోడ్డు మీద అమ్మ బండి దిగి, బండి నువ్వే నడుపుకుంటున్నావు, మధ్యలో నేనెందుకు అని, ఇంటిదాకా నడిచొచ్చేసింది. ఆ తర్వాత చాలాకాలం వాళ్లిద్దరికీ మాటల్లేవు. అది చాలదన్నట్టు అమ్మ వెళ్లి ఎదురు డ్రైవింగ్ స్కూల్లో చేరింది. వాళ్లు రివర్సు నేర్పకుండానే లైసెన్సు ఇప్పించేశారు. ఆ అవమానం అమ్మమ్మ ఈ రోజుకీ మరచిపోలేదు, ఎదురు స్కూలు బోర్డు కనపడితే అటు తల తిప్పదు.

అడగడానికి అమ్మమ్మకి నోరు రాలేదు. తాతయ్యే అడిగాడు. అమ్మ డబ్బా మూత గట్టిగా నొక్కి, ఆఫీసుకి ఫోను చేసి సెలవు పెట్టింది. ఒకే ఒక్క షరతు అంది. బండిలో అమ్మమ్మ నోరు విప్పకూడదు.

"అదే కదే పరీక్ష," అంది అమ్మమ్మ.

డ్రైవింగ్ స్కూలు వెనక సిమెంటు నేల, దానికవతల పాత టైర్లు ఆనించిన గోడ. గోడకి ముందు పసుపు రంగు పూసిన ప్లాస్టిక్ డ్రమ్ములు నిలబెట్టారు, అటొకటి, ఇటొకటి, వెనక మూలన ఇంకొకటి. ఆఫీసు గదిలో అమ్మ ల్యాప్‌టాపు ముందు కూర్చుని పాఠం చదువుతుంటే, అమ్మమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల్నుంచి బొమ్మ కారు గుద్దుకున్న చప్పుడు వినిపించినప్పుడల్లా అమ్మమ్మ చెప్పు నేలకి రాసుకుంది. కాసేపటికి చప్పుళ్లు తగ్గాయి. తర్వాత అసలు వినపడలేదు. అమ్మ బయటికొచ్చి, సరే పద అంది.

క్లచ్చుబాబు బజరు వైరుని రెండో బ్రేకుకి టేపుతో చుట్టి, ఒకసారి నొక్కి చూపించాడు. చెవులు చిల్లులు పడేలా మోగింది. ఒక ఫోను డాష్‌బోర్డు కింద కట్టారు, అమ్మమ్మ కాళ్లు కనపడేలా. రెండోది బయట స్టాండు మీద. దానికి కాపలా తాతయ్య. స్టాండు ముట్టుకోకూడదని ఆయనకి మూడు భాషల్లో చెప్పినంత పని చేశారు.

అమ్మ బండి తీసింది. ముందుకి పోనిచ్చి, ఆపి, రివర్సు గేరు వేసింది. అమ్మమ్మ పాదాలు రెండూ వెనక్కి లాక్కుని, చేతులు తొడల కింద పెట్టుకుని, ఎదురుగా గేటుని చూస్తూ కూర్చుంది. అమ్మ ఎడమ అద్దం చూసింది, కుడి అద్దం చూసింది. పాఠంలో చెప్పినట్టే స్టీరింగు తిప్పింది. బండి వెనక్కి జరిగింది. బాగానే వెళ్తోంది. ఇంకొంచెం. అద్దాల్లో రెండు డ్రమ్ములూ కనిపిస్తూనే ఉన్నాయి. కాని వాటికి వెనకాల, అద్దంలో పడని మూల, మూడో డ్రమ్ము ఉంది. అమ్మమ్మకి కనపడకపోయినా తెలుసు. వెన్నులోంచి ఏదో పాకుతూ వచ్చి కుడి మోకాలి దగ్గర ఆగింది. పళ్లు బిగబట్టింది. మెడ తిప్పు, మెడ తిప్పవే తల్లీ అని మనసులోనే మొత్తుకుంది.

దబ్బుమని డ్రమ్ము పడింది.

బజరు మోగలేదు. అమ్మమ్మ ఊపిరి వదిలింది, వెంటనే తప్పు ఎక్కడుందో తెలిసింది. పాఠంలో మెడ తిప్పి వెనక్కి చూడమని ఎక్కడా లేదు. బొమ్మ కారుని పైనుంచి చూస్తూ నడిపిస్తే మెడతో పనేముంది? బండిలో అయితే ప్రతివాడి భుజం మీదా ఒక్కటి తట్టి, వెనక్కి చూడు అనేది. అది చెయ్యి చేసే పని కాబట్టి పాఠం రాసేటప్పుడు తలకి తట్టనే లేదు. ఇప్పుడు ఆ చెయ్యి తొడ కింద ఉంది.

అమ్మ బండి ఆపి, స్టీరింగు మీద చేతులు వేసి కూర్చుంది. ఇంకోసారి ముందుకి పోనిచ్చింది. గేరు వేయబోయి ఆగిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడంలేదు, చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, ఏం చేశాను?"

అమ్మమ్మ గేటునే చూస్తోంది.

"ఆ ఒక్కటీ చెప్పు. స్టీరింగు తొందరగా తిప్పానా?"

మాట్లాడకూడదు. తల కూడా ఊపకూడదు. అమ్మమ్మ తొడల కిందున్న చేతుల్ని ఇంకా లోపలికి తోసుకుంది. అమ్మ ఆవిడ వైపు తిరిగింది. అమ్మకి ఆ క్షణంలో పరీక్షా లేదు, బజరూ లేదు. పక్కన కూర్చున్నది తన పాత అమ్మ, మొహం బిగించుకుని మాట్లాడకుండా చంపే అమ్మ.

"మళ్లీ మొదలెట్టావా? తిట్టినా బాగుండేది. ఇలా కూర్చుంటే నేనేమైపోవాలి?"

అమ్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి తీయాలి, చెయ్యి తీస్తే సైగ అంటారేమో. ఒక చుక్క జారి గడ్డం దాకా వచ్చింది. కోపం కాదే అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకీ ఎన్నో నెలల చదువు పోతుంది. అయినా చెప్పేద్దామా అనుకుంది. నోరు సగం తెరిచింది కూడా.

అమ్మ ఆ చుక్కని చూసింది. ఆ సగం తెరిచిన నోరూ చూసింది. అప్పుడు పరీక్ష సంగతి గుర్తొచ్చింది.

"వద్దు, మూసెయ్," అంది మెల్లగా. "చెప్పకు. నేనే చూసుకుంటా."

డోరు తీసి దిగింది. బండి చుట్టూ నడిచింది. పడిన డ్రమ్ము దగ్గర నిలబడి, అక్కడినుంచి డ్రైవరు సీటు వైపు చూసింది. వచ్చి కూర్చుని అద్దంలోకి చూసింది, డ్రమ్ము లేదు. తల తిప్పి వెనక్కి చూసింది, ఉంది. ఓహో అని తనలో తనే అనుకుంది. అమ్మమ్మ గేటు వైపే చూస్తూ, పెదవి కొరుక్కుంది.

ఇంకోసారి గేరు పడింది. ఈసారి అమ్మ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, కుడి చెయ్యి స్టీరింగు మీద పెట్టి, బండిని నెమ్మదిగా వదిలింది. సరిగ్గా ఆ సమయానికి, మూడు భాషల్లో చెప్పించుకున్న తాతయ్య, స్టాండు మీంచి ఫోను తీసేశాడు. దగ్గర్నుంచి తీస్తే బొమ్మ బాగా వస్తుందనుకున్నాడట. అలాగే వస్తూ వస్తూ, పడిన డ్రమ్ము అడ్డంగా ఉందని, ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో దాన్ని లేపడానికి వంగాడు. బండి వెనకాలే.

అమ్మమ్మ చూడకూడదనుకుంటూనే పక్కద్దంలోకి చూసింది. అందులో తాతయ్య చొక్కా చేతి అంచు ఒక్కటి కనిపించింది.

బజరు మోగింది.

బండి ఆగి ఉంది. ఎవరూ కదల్లేదు. తాతయ్య డిక్కీకి జానెడు దూరంలో డ్రమ్ముని కౌగిలించుకుని నిలబడ్డాడు. క్లచ్చుబాబు పరుగెత్తుకొచ్చి ఆయన్ని పక్కకి లాగాడు. అమ్మమ్మ కుడికాలు బ్రేకు మీద బిగుసుకుపోయి ఉంది, బజరు మోగుతూనే ఉంది. అమ్మ వంగి ఆ కాలిని చేత్తో ఎత్తి పక్కన పెట్టింది. అప్పుడు ఆగింది.

అయిపోయిందే అంది అమ్మమ్మ. మీ నాన్న బాగున్నాడు, అది చాలు.

"ఏం అయిపోయింది? నేనే ఆపాను."

"నా కాలు పడింది. మోగింది కదే."

"మోగేసరికే బండి ఆగి ఉంది. నేను వెనక్కి చూస్తున్నాను, నాన్న కనిపించాడు, తొక్కాను." అమ్మ గొంతు పెద్దదైంది. "అప్పట్లో ప్రతి బ్రేకూ నీదే. ఇది నాది. ఇది కూడా నీదే అనకు."

అమ్మమ్మ కూతురి మొహంలోకి చూసింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. పరీక్ష కోసం అంటున్న మాట కాదది.

"నీదేనేమో," అంది చివరికి. "నాకు తెలియదు. నా కాలు ఎప్పుడు కదులుతుందో నాకెప్పుడు తెలిసింది గనక?"

తాతయ్యని గేటు బయటికి సాగనంపి, అమ్మ ఇంకోసారి బండి తీసింది. ఎవరూ అడగలేదు, ఆవిడే తీసింది. డ్రమ్ముల మధ్యకి వెళ్లింది. కాస్త వంకరగా ఆగింది గాని ఏదీ పడలేదు, ఏదీ మోగలేదు.

సాయంత్రం అమ్మమ్మ రిపోర్టు రాస్తుంటే తాతయ్య పక్కన చేరి, బజరు సంగతి రాయకపోతే ఏమోయ్, మిగతాదంతా బాగానే ఉంది కదా అని నసిగాడు. అమ్మమ్మ ఆయన వైపు చూసిన చూపుకి లేచి వెళ్లిపోయాడు. జరిగింది జరిగినట్టు రాసింది. బజరు మోగింది, తన కాలు పడింది, కూతురు తనే ఆపానంటోంది, ఏది ముందో తనకి తెలియదు. పాఠంలో మెడ తిప్పమని చెప్పడం మరచిపోయింది, డ్రమ్ము పడింది అందుకే. వీడియోలు రెండూ జతచేసింది. పంపే బటన్ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని నొక్కింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ తిండి సరిగా సయించలేదు. అమ్మమ్మ మాట్లాడటం తగ్గించింది, మామూలుగా అయితే పండగ చేసుకోవాల్సిన విషయం, కాని ఎవరికీ చేసుకోబుద్ధి కాలేదు. తాతయ్య సోఫాలో కూర్చున్నాడు గాని బొమ్మ కారుని గోడకి గుద్దలేదు. అమ్మ ఆఫీసునుంచి రోజూ ఫోను చేసి, ఏమైనా వచ్చిందా అని ఒక్క ముక్క అడిగి పెట్టేసేది.

ప్రొఫెసరమ్మ పిలిచిన రోజు, కెమెరాకి కనపడకుండా బల్ల అవతల అందరూ గుమిగూడారు. అమ్మమ్మ కింది బట్టలు కూడా ఇస్త్రీవే వేసుకుంది ఆ రోజు.

ప్రొఫెసరమ్మ ముందు ఒకటే అడిగింది. వెనకాల మనిషి ఉన్నాడని తెలిసి, తొక్కితే ట్రయలు పోతుందని గుర్తొచ్చిందా అని.

"గుర్తు రాలేదు మేడం. వచ్చినా తొక్కేదాన్నే. డిగ్రీ కోసం కాలు ఆపుకునేదాన్నైతే పక్క సీటుకి పనికిరాను, పాఠాలు రాయడానికీ పనికిరాను."

ప్రొఫెసరమ్మ తల ఊపి, తాతయ్య చేతిలోని ఫోను తీసిన వీడియోని తెర మీద పెట్టింది. బొమ్మ ఊగిపోతోంది, సగం డ్రమ్ము, సగం ఆకాశం. మూలన బండి వెనక భాగం. నెమ్మదిగా తిప్పింది. ఎర్ర లైట్లు వెలిగాయి. బండి ఆగింది. చక్రం కదలడంలేదు. ఆ తర్వాత, అంతా ఆగాక, బజరు.

"బండి ఆపింది మీ అమ్మాయే. మీరు ఆగిపోయిన బండికి బ్రేకు వేశారు. ట్రయలు చెల్లుతుంది."

బల్ల అవతల అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. తాతయ్య తన కెమెరా పనితనం గురించి ఏదో చెప్పబోతే మోచేత్తో పొడిచింది.

అయితే మార్కులు మాత్రం పెద్దగా రావు అంది ప్రొఫెసరమ్మ. మెడ సంగతి పాఠంలో లేకపోవడం చిన్న లోపం కాదు. అది సరిచేసి పంపితేనే పాసు. కానీ ఆ లోపం మీకు కనపడింది, మీరు నోరు విప్పి ఉంటే కనపడేది కాదు, మొదటి ట్రయల్లో కనపడలేదు కదా అంది. అమ్మమ్మ సరే మేడం, సరే మేడం అంటూ ఆఖర్న, ఎన్ని మార్కులు తగ్గుతాయి మేడం అని అడిగింది. అడిగి, ఇంకో రెండు ఇవ్వొచ్చేమో చూడమని కూడా అడిగింది. ప్రొఫెసరమ్మ నవ్వింది, ఇవ్వలేదు.

మెడ పాఠం కొత్తగా రాయడానికి అమ్మమ్మకి మళ్లీ అమ్మే కావలసి వచ్చింది. సీట్లో కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుంది, ఏం కనపడదు, అది ఫోనులో తీసి పాఠంలో పెట్టాలి. దానికి అమ్మ బండి ఎక్కి ఆ వీధీ ఈ వీధీ తిరిగి రావాలి. ఆదివారం పొద్దున ఇద్దరూ బయల్దేరారు. అమ్మ తాళాలు తిప్పుకుంటూ పక్క డోరు తెరిచి పట్టుకుంది. అమ్మమ్మ ఆ డోరు దాటి వెళ్లి వెనక డోరు తీసింది.

"ముందు కూర్చోవచ్చుగా అమ్మా. నా బండిలో రెండో బ్రేకు లేదులే."

"అందుకు కాదే. వెనకనుంచైతే నీ మెడ తిరుగుతోందో లేదో బాగా కనపడుతుంది," అంటూ అమ్మమ్మ ఎక్కి కూర్చుని, ఫోను ముందుకి చాపింది. "ఊఁ, పోనీ. నీ ఇష్టమొచ్చిన చోట ఆపు."

అమ్మ రివర్సు గేరు వేసి, చెయ్యి పక్క సీటు మీద ఆనించి, వెనక్కి తిరిగింది. వెనక అద్దానికి అడ్డంగా తల్లి మొహమే ఉంది, కాస్త పక్కకి జరుగు, ఏమీ కనపడటంలేదు అంది. అమ్మమ్మ నోరెత్తకుండా జరిగింది.